కంప్యూటరు పెట్టె తెఱచు పిల్లలు: పెద్దలు ఎఱుగవలసిన సంగతులు



నేడు నేను చెప్పబోవు విషయము మీలో కొందఱికి పిల్లల వ్యవహారముగా తోచవచ్చును. చదువుకొను మనుమడో మనుమరాలో ఒకనాడు మీ యొద్దకు వచ్చి, "తాతయ్యా, మన కంప్యూటరు మెల్లగా నడుస్తోంది. మెమొరీ ఒకటి కొనిపెడితే నేనే బిగిస్తాను" అని యడుగును. అప్పుడు పెద్దలు సాధారణముగా రెండు విధముల సమాధానము చెప్పుదురు. "కరెంటు వస్తువు, చేయి పెట్టవద్దు" అని కొందఱు గదమాయింతురు. "మాకు తెలియని విద్య, నీ యిష్టము" అని మఱికొందఱు ఊరకుందురు. మొదటి మాట వలన పిల్లవానికి విద్య పోవును. రెండవ మాట వలన ఒక్కొక్కప్పుడు ప్రాణమునకే ముప్పు రావచ్చును. ఈ రెండింటికిని నడుమ మఱియొక మార్గము గలదు. కంప్యూటరు విద్యలో ఒక్క అక్షరము రాని పెద్దవాడు సయితము ఆ మార్గమున పిల్లవానిని నడిపింపగలడు. దానినే మనవి చేసెదను.

ముందుగా ఆ పెట్టెలో నేమున్నదో సంగ్రహముగా చెప్పెదను. బల్లమీదనో బల్లక్రిందనో ఉండు ఇనుపరేకు పెట్టెను క్యాబినెట్ అందురు. దాని ప్రక్కరేకు విప్పినచో లోపల వెడల్పైన పలక యొకటి కనబడును. అది మదర్‌బోర్డు. తక్కిన భాగములలో పెక్కు దానిమీదనే కూర్చుండును. ప్రాసెసరు లెక్కలు చేయును. దాని నెత్తిన చిన్న పంకా యొకటి తిరుగుచుండును. డిస్కు అనునది యంత్రము ఆపినను చెరిగిపోని సంగతులను దాచును. మెమొరీ అనునది అప్పటి పనికి కావలసిన సంగతులను మాత్రము చేతికందునట్లు పట్టియుంచును. లెక్కలు వ్రాయు గుమాస్తాకు బీరువా యెట్టిదో యంత్రమునకు డిస్కు అట్టిది. వ్రాతబల్ల యెట్టిదో మెమొరీ అట్టిది. బల్ల ఇఱుకైనచో గుమాస్తా మాటిమాటికి లేచి బీరువా యొద్దకు పోవలసివచ్చును, పని మందగించును. పిల్లవాడు అడుగుచున్నది ఆ బల్లను వెడల్పు చేయుటకే.

ఇక ఒక మూలను మూసిన రేకుడబ్బా యొకటి యుండును. అది పవర్ సప్లై. గోడ నుండి వచ్చు తీగ చేరునది దానిలోనికే. మన యిండ్లలోని విద్యుత్తు 230 వోల్టులది. ఈ డబ్బా దానిని తగ్గించి 12, 5, 3.3 వోల్టులుగా మార్చి తక్కిన భాగములకు పంచును. 12 వోల్టులనగా మోటారు సైకిలు బ్యాటరీ పాటి బలము. కావున మనుష్యునికి అపాయము కలిగించు విద్యుత్తు ఆ డబ్బాలోను, దానికి ఆవల గోడవైపునను ఉన్నది. డబ్బాకు ఈవలనున్న భాగములు పిల్లవానిని చంపజాలవు. అయితే పిల్లవాడు తెలియక వానిని చంపగలడు.

పెద్దలారా, ఈ విద్యకు మూలసూత్రము ఇదియే. అపాయములు రెండు. ఒకటి యంత్రము వలన బిడ్డకు కలుగునది. రెండవది బిడ్డ చేతి వలన యంత్రమునకు కలుగునది. మొదటిదానికి కావలి మీరు. రెండవదానిని పిల్లవాడు ఓర్పుతో నేర్చుకొనవలెను. ఈ రెండింటిని కలగాపులగము చేయుటచేతనే కొందఱు భయపడరానిచోట భయపడి, భయపడవలసినచోట ఏమఱుచున్నారు.

మొదటి అపాయమును గూర్చి అయిదు మాటలు.

ఒకటి. కంప్యూటరును మూసివేసినంత మాత్రమున దానిలో విద్యుత్తు నిలిచిపోదు. ప్లగ్గు గోడకు తగిలియుండి స్విచ్చి వేసియున్నంతవఱకు మదర్‌బోర్డుకు 5 వోల్టులు పాఱుచునే యుండును. యంత్రము నిదురించుచున్నదే గాని మరణించలేదన్నమాట. అట్టి సమయమున మెమొరీ లాగినను పెట్టినను భాగములు చెడిపోవచ్చును. కావున తీగను ఊడదీసి ప్రక్కన పెట్టవలెను. పిమ్మట యంత్రమును ప్రారంభించు మీటను అయిదాఱు క్షణములు నొక్కి పట్టినచో బోర్డుమీద మిగిలిన విద్యుత్తు చాలవఱకు ఖర్చయిపోవును.

రెండు. కరెంటు తఱచుగా పోవు ఊళ్లలో కంప్యూటరు ప్రక్కన యూపీఎస్ అను బ్యాటరీ పెట్టె నుంచుకొందురు. గోడ స్విచ్చి ఆపినను అది తన బ్యాటరీ నుండి 230 వోల్టులను ఇచ్చుచునే యుండును. కావున గోడ స్విచ్చి ఆపి "కరెంటు లేదు" అనుకొనుట పొరపాటు. క్యాబినెట్ వెనుకనున్న తీగను క్యాబినెట్ నుండియే ఊడదీయవలెను. ఊడిన తీగకొనను పెద్దలు తమ కంటితో చూచిన పిమ్మటనే పెట్టె తెఱువనీయవలెను.

మూడు. పవర్ సప్లై డబ్బాను పిల్లలు ఎన్నడును విప్పరాదు. దానిలో కెపాసిటర్లు అను భాగములు గలవు. అవి విద్యుత్తును కుండలో నీటివలె నిలువచేయును. తీగ ఊడదీసిన తరువాత కూడ వానిలో 300 వోల్టులకు పైగా కొంతకాలము నిలిచియుండవచ్చును. డబ్బా చెడినచో మొత్తము డబ్బాను మార్చుటయే గాని విప్పుట బాలుర పని కాదు. పాత కాలపు బరువైన గాజుతెర మానిటర్లకును ఇదే నియమము. వానిలోని వోల్టులు వేలమీద నుండును.

నాలుగు. ఎర్తు. మన మూడు మేకుల ప్లగ్గులో పైమేకు తక్కినవానికన్న లావుగను పొడవుగను ఉండును. ప్లగ్గు పెట్టునప్పుడు అది ముందుగా తగులును; తీయునప్పుడు కడపట విడుచును. దాని తీగ ఇంటి వెలుపల ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన గుంటవఱకు పోవలెను. కొన్ని యిండ్లలో గోడకు మూడు రంధ్రములుండును గాని పైరంధ్రము వెనుక తీగయే యుండదు. దీనికి ఒక గుర్తు కలదు. కంప్యూటరు నడుచునప్పుడు ఇనుప పెట్టెకు చేయి తగిలిన జివ్వుమని పించునా? అట్లయిన ఎర్తు లేదని అనుమానింపవలెను. పవర్ సప్లైలోని చిన్న కెపాసిటర్ల ద్వారా పెట్టె రేకుకు కొంచెము విద్యుత్తు చేరుచుండును. ఎర్తున్నచో అది భూమిలోనికి దిగిపోవును. లేనిచో మీ చేతి ద్వారా దిగజూచును. ఆ జివ్వు స్వల్పమే. కాని లోపల నిజమైన లోపము కలిగిననాడు కాపాడునది ఏదియు లేదని అది ముందుగా చెప్పుచున్నది. కావున మెమొరీ కొనుటకు పూర్వమే అనుభవజ్ఞుడైన ఎలక్ట్రీషియనును పిలిపించి ఎర్తు సరిచేయింపుడు. వేసవిలో ఎర్తుగుంటకు నీరు పోయింపుడు. వీలైనచో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అను స్విచ్చిని పెట్టింపుడు. విద్యుత్తు మనుష్యుని ద్వారా భూమికి పాఱజొచ్చినచో అది క్షణములోపల కనిపెట్టి ఆపివేయును. ఈ ఖర్చు కంప్యూటరు కొఱకే కాదు, ఇంటిల్లిపాదికిని రక్ష.

అయిదు. మదర్‌బోర్డుమీద రూపాయి బిళ్లవంటి చిన్న బ్యాటరీ యుండును. అది 3 వోల్టులదే. కాని పసిబిడ్డ దానిని మ్రింగినచో రెండు గంటలలోపలనే గొంతులో లోతైన పుండు పడజేయగలదు. అట్లు జరిగెనని అనుమానము కలిగినను ఆలసింపక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. పెద్దపిల్లవాడు పనిచేయు గదిలోనికి ప్రాకు బిడ్డలను రానీయకుడు.

ఇక రెండవ అపాయము. చలికాలపు పొడిదినములలో ఉన్ని దుప్పటి విదల్చునప్పుడు చిటచిట శబ్దమగుట మీరెఱుగుదురు. అది స్థిరవిద్యుత్తు. నడచుట చేతను, బట్టల రాపిడి చేతను మన దేహమునందు అది చేరుచుండును. మన వ్రేలికి చురుక్కుమని తెలియుటకు సుమారు 3,000 వోల్టులు కావలెను. కాని కొన్ని సున్నితమైన భాగములు 100 వోల్టులకే చెడిపోవచ్చును. అనగా పిల్లవానికి ఏమియు తెలియకుండగనే వాని వ్రేలు వస్తువును చంపివేయును. ఇంత సూక్ష్మమైన విద్యుత్తు మనిషికి హాని చేయదు, వస్తువుకే చేయును.

దీనికి మందు సులభము. తీగ ఊడదీసిన తరువాత, భాగములను తాకుటకు పూర్వము, రంగు లేని చోట క్యాబినెట్ ఇనుమును చేతితో తాకవలెను. అప్పుడు దేహమును పెట్టెయు ఒకే మట్టమునకు వచ్చును. రెండు చెఱువుల నీరు ఒకే మట్టముననున్నప్పుడు కాలువలో ప్రవాహముండదు గదా! పనిలో నడుమనడుమ ఇట్లే తాకుచుండవలెను. పట్టుబట్టలు, నైలాను బట్టలు కట్టక నూలుబట్టలు కట్టుట మేలు. చాప ప్లాస్టికుదైనచో తీసివేసి కొయ్యబల్లమీద పనిచేయవలెను. మణికట్టుకు కట్టుకొను పట్టీలు కూడ అంగళ్లలో దొరకును. అట్టి పట్టీలో పదిలక్షల ఓముల నిరోధము అమర్చబడియుండును. అందుచేత పొరపాటున కరెంటు తగిలినను దేహములో పాఱునది అత్యల్పము. ఈ మర్మము తెలియక కొందఱు పిల్లలు వట్టి రాగితీగను చేతికి చుట్టి ఎర్తుకు కట్టుకొందురు. అది రక్ష కాదు, ఉరి. దానిని మీరు ఎంతమాత్రమును సాగనీయరాదు.

ఇప్పుడు పని జరుగు క్రమమును చెప్పెదను. మెమొరీలలో తరములు కలవు. 2012లో ప్రమాణము వెలువడిన డీడీఆర్4 పలకకు 288 రేకులు గలవు. 2020లో వెలువడిన డీడీఆర్5 పలకకును 288 గలవు. అయినను ఒకదాని స్థానమున ఒకటి పనికిరాదు. పలక క్రిందియంచున ఒక గంటు ఉండును. తరము మాఱినప్పుడు గంటు స్థానము కూడ మాఱును. తప్పు పలకను ఎవరును పెట్టకుండుటకే ఆ ఏర్పాటు. కావున కొనకముందు పాతపలకమీది వ్రాతను కాగితముమీద వ్రాసికొనవలెను.

పెట్టె విప్పిన మరలను వంటింటి పోపులపెట్టె వంటి అరల డబ్బాలో వేఱువేఱుగా వేయవలెను. చవుక క్యాబినెట్ల రేకు అంచులు కత్తివలె నుండును, జాగ్రత్త. పలకను రెండు కొనలయందు మాత్రమే పట్టుకొనవలెను. బంగారువన్నె రేకులను తాకరాదు. గాడి కొనలనున్న బిళ్లలను వెలుపలికి త్రోసి, గంటును గాడిలోని మిట్టకు సరిచూచి, రెండు బొటనవ్రేళ్లతో నిలువుగా నొక్కవలెను. టిక్కుమని బిళ్ల మూసికొనును. కొన్ని గాళ్లకు బిళ్ల ఒక్క కొననే యుండును. అప్పుడు రెండవ కొన పూర్తిగా దిగినదో లేదో కంటితో చూడవలెను. గంటు కుదరనప్పుడు బలము ప్రయోగింపరాదు. గంటు సరిపోయియు పలక దిగకున్నచో కొంచెము గట్టిగా నొక్కుటకు వెఱవరాదు.

ఇచ్చట నా తప్పిదమొకటి చెప్పవలసియున్నది. మా యింట పదునాలుగేండ్ల మేనల్లుడు ఇట్లే మెమొరీ బిగించి మీట నొక్కెను. తెర వెలుగలేదు, యంత్రము కీచు కీచుమని అఱచెను. నేను కారణము విచారింపక, "వేల రూపాయల వస్తువు నాశనము చేసితివి" అని నలుగురిలో కేకలు వేసితిని. వాడు తలవంచుకొని పోయెను. మఱునాడు మరమ్మతుచేయు కుఱ్ఱవాడొకడు వచ్చి, తీగ ఊడదీసి, పెట్టె తెఱచి చూచెను. ఒక కొన బిళ్ల సగమే మూసికొనియుండెను. బొటనవ్రేలితో నొక్కెను, టిక్కుమనెను, యంత్రము నడచెను. "ఏమీ చెడలేదండీ. మెమొరీ కూర్చోలేదని యంత్రమే చెబుతోంది, ఆ కూత అదే" అని నవ్వెను. వస్తువు బాగుపడినది గాని మా పిల్లవాడు ఏడాదివఱకు ఆ పెట్టె యొద్దకు పోలేదు. వాని వ్రేలు చేయని నష్టమును నా నోరు చేసినది.

కావున మొదటిసారి తెర వెలుగకున్నచో ఎవరును గొంతెత్తవలదు. క్రొత్త మెమొరీని పరీక్షించుకొనుటకు కొన్ని యంత్రములు కొన్ని నిమిషములు పట్టును. అంతవఱకు తెర నల్లగనే యుండును. వేచి చూచినను వెలుగకున్న తీగ ఊడదీసి, ఇనుము తాకి, పలకను తీసి మరల పెట్టవలెను. తొలిసారి కలుగు చిక్కులలో పెక్కు దీనితోనే తీఱును.

ఏ పని ముందు, ఏ పని వెనుక అనునదియు నిర్ణయింపవలెను. మొదట మెమొరీ, పిమ్మట డిస్కు మార్చుట, అదియు డిస్కులోని చదువుపత్రములను, ఛాయాచిత్రములను వేఱొకచోట దాచిన పిమ్మటనే. ప్రాసెసరు మార్చుట చివరి పాఠము. దానిక్రింద వందలకొలది సన్నని సూదులుండును; ఒక్కటి వంగినను పలక పనికి రాకపోవచ్చును. ఒడిలోపెట్టుకొను ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉబ్బియున్నచో పిల్లలను దాని దరికి పోనీయరాదు. గుచ్చినను వంచినను అది మండగలదు.

పెద్దలారా, పొలములో తొలిసారి నాగలి పట్టిన కుఱ్ఱవానికి చాలు వంకరపోవుట మీరు చూచియున్నారు. అప్పుడు మీరు నాగలి లాగికొనలేదు; ఎడ్ల కాళ్లకు కఱ్ఱు తగులకుండ చూచుచు ప్రక్కన నడచితిరి. ఇచ్చటను అంతే. ఊడిన తీగను మీ చేతబట్టుకొని ప్రక్కన కూర్చుండుడు. పని ముగిసి, రేకు మూసి, మరలన్నియు లెక్కకు వచ్చిన పిమ్మట ఆ తీగను పిల్లవాని చేతికిండు. తీగ మీ చేతిలో నున్నంతసేపు గోడలోని విద్యుత్తు బిడ్డ దరికి రాజాలదు. తక్కినది వాడు నేర్చుకొనును.

ఇంతటితో విరమించుచున్నాను. సెలవు.