నల్ల మోటారు సైకిలు: వన్నె నిలిస్తేనే విలువ

రంగు ఎంపికలో అందంతోపాటు చట్టం, నీటి పొదుపు, ప్రాణ రక్షణ కూడా ముఖ్యమే

మోటారు సైకిలు కొనదలచిన వ్యక్తికి షోరూములో ఎదురయ్యే ప్రశ్నలలో రంగు చివరిది. అయినా ఎక్కువసేపు తటపటాయింపజేసేది అదే. ధర, మైలేజీ, వాయిదాల సంఖ్య వంటివి చాలావరకు ఇంటివద్దనే నిర్ణయమై ఉంటాయి. రంగు దగ్గరకు వచ్చేసరికి ఇంటిల్లిపాదీ తలో మాట చెబుతారు. పిల్లలు ఎరుపు అంటారు, పెద్దలు మాసినా కనిపించనిది చూడమంటారు. చివరకు ఎందరో నలుపుతో సమాధానపడతారు. నలుపైతే మురికి తెలియదన్న నమ్మకమే ఇందుకు కారణం. కొన్న నెల తిరగకముందే ఆ నమ్మకం సడలుతుంది. ఉదయం తుడిచిన ట్యాంకు మీద సాయంత్రానికి వేలితో పేరు రాయగలిగినంత దుమ్ము కనిపిస్తుంది.

ఇది కేవలం సోకుకు సంబంధించిన విషయమని కొట్టిపారేయలేము. మన దేశంలో ద్విచక్ర వాహనం విలాస వస్తువు కాదు. 2019-21 సంవత్సరాలలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలోని కుటుంబాలలో దాదాపు సగానికి మోటారు సైకిలో స్కూటరో ఉన్నది. కారు ఉన్న కుటుంబాలు నూటికి ఎనిమిదికి మించలేదు. 2024-25 ఆర్థిక సంవత్సరంలో దేశీయ విపణిలో సుమారు 1.96 కోట్ల ద్విచక్ర వాహనాలు అమ్ముడుపోయాయి. పాలు పోసేవారికి, మేస్త్రీకి, గుమాస్తాకు, చిల్లర వ్యాపారికి అది జీవనోపాధిలో భాగం. నాలుగైదేళ్ల తరువాత దానిని అమ్మి మరొకటి కొనే కుటుంబానికి ఆ వాహనం ఒక ఆస్తి. పాత వాహనాన్ని బేరమాడే వ్యక్తి ఇంజను శబ్దం వినడానికి ముందే చూసేది ట్యాంకు మీది రంగునే.

నలుపు నేపథ్యం

మోటారు వాహన పరిశ్రమలో నలుపు ప్రాబల్యానికి శతాబ్దపు చరిత్ర ఉన్నది. అమెరికాలో ఫోర్డు కంపెనీ తన 'మోడల్ టి' కారును 1914 నుంచి 1925 వరకు నలుపులోనే తయారు చేసింది. నల్ల ఎనామిల్ చవకగా దొరకడం, గట్టిగా ఉండడం ఇందుకు ముఖ్య కారణాలు. జర్మనీలో బి.ఎం.డబ్ల్యు. 1923లో విడుదల చేసిన తొలి మోటారు సైకిలు 'ఆర్ 32' నల్లని దేహంపై తెల్లని గీతలతో వచ్చింది. ఆ కలయిక చాలాకాలం ఆ సంస్థకు గుర్తుగా నిలిచింది.

మన దేశంలో ఆ స్థానం బుల్లెట్‌ది. 1955లో మద్రాసు కేంద్రంగా ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడిన తరువాత దేశమంతటా వ్యాపించిన ఈ వాహనానికి నల్ల ట్యాంకు, దానిపై బంగారు వన్నె గీతలు మారుపేరయ్యాయి. ఆ గీతలను కర్మాగారంలో చేయి తిరిగిన పనివారు కుంచెతో స్వయంగా గీయడం విశేషం. 1961లో మైసూరులో ఉత్పత్తి ప్రారంభమైన జావా ముదురు ఎరుపుతో తన ప్రత్యేకతను నిలుపుకున్నది. 1985లో హీరో హోండా సి.డి. 100, అదే ఏడాది యమహా ఆర్.ఎక్స్. 100 రావడంతో విపణి స్వరూపమే మారిపోయింది. 1994లో వచ్చిన స్ప్లెండర్‌లోనూ ఊదా చారలు గల నలుపు ఇంటింటికీ పరిచితమైనది. హీరో, హోండాలు విడిపోయి హీరో మోటోకార్ప్ ఏర్పడిన తరువాత కూడా ఆ రంగుల జత కొనసాగింది.

నలుపుకు ఆదరణ లభించడానికి ఆచరణాత్మకమైన కారణాలు లేకపోలేదు. గ్రీజు, ఇంజను ఆయిలు మరకలు దానిపై అంతగా కనిపించవు. చిన్న దెబ్బ తగిలినప్పుడు లప్పం పూసి రంగు వేయించుకుంటే, లోహపు పొడి కలిసిన మెటాలిక్ రంగులతో పోలిస్తే ఛాయ సులువుగా కలుస్తుంది. ఎండకు ఎరుపు వెలిసినంత త్వరగా నలుపు వెలవదు. పాత వాహనం కొనేవారిలో ఎక్కువమంది దానికి అభ్యంతరం చెప్పరు.

చట్టం ఏమంటున్నది?

రంగు ఎంపిక పూర్తిగా సొంతదారు ఇష్టమని చాలామంది భావిస్తారు. అది సగమే నిజం. వాహనం రంగు రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదై ఉంటుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ఆ పత్రంలోని వివరాలకు, వాహనానికి పొంతన ఉండాలి. కాబట్టి నల్ల బండికి నీలం రంగు వేయించిన వ్యక్తి ఆ మార్పును రవాణా శాఖ కార్యాలయంలో నమోదు చేయించుకోవాలి. లేకుంటే తనిఖీలోనూ, అమ్మకం సమయంలోనూ, బీమా పరిహారం కోరినప్పుడూ చిక్కులు తప్పవు.

ఒక రంగు మాత్రం పౌరులకు పూర్తిగా నిషిద్ధం. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 121వది సైనిక ఆకుపచ్చ రంగును రక్షణ శాఖ వాహనాలకే ప్రత్యేకించింది. 2018లో రాయల్ ఎన్‌ఫీల్డ్ రెండవ ప్రపంచ యుద్ధ కాలపు వాహనం స్మారకంగా 'పెగాసస్' పేరిట ప్రపంచవ్యాప్తంగా 1,000 మోటారు సైకిళ్లను విడుదల చేసినప్పుడు, భారతదేశంలో గోధుమ రంగు వాటిని మాత్రమే విక్రయించింది. విదేశాలలో లభించిన సైనిక ఆకుపచ్చ ఇక్కడ అందుబాటులోకి రాకపోవడానికి ఈ నిబంధనే కారణం.

నలుపు మీదే మురికి ఎందుకు కనిపిస్తుంది?

నల్లని ఉపరితలం తనపై పడిన కాంతిలో అత్యధిక భాగాన్ని గ్రహించివేస్తుంది. దానిపై నిలిచిన ధూళి కణం మాత్రం కాంతిని నలుదిక్కులకూ వెదజల్లుతుంది. చీకటి గదిలో దీపంలా ప్రతి కణమూ విడిగా కనిపిస్తుంది. తెలుపు మీద అదే కణం నేపథ్యంలో కలిసిపోతుంది. మన రోడ్ల ధూళి అధిక భాగం లేత వర్ణానిదే కావడంతో వ్యత్యాసం మరింత స్ఫుటమవుతుంది. తెల్లని వాహనం మీద నల్లని ఆయిలు మరక కనిపించడానికీ సూత్రం ఇదే. ఏ రంగూ మురికిని పూర్తిగా దాచదు, ఒక్కొక్క రంగు ఒక్కొక్క రకం మురికిని దాస్తుందంతే.

గీతల విషయమూ ఇంతే. కొత్త బండి ట్యాంకును ఎండలో చూస్తే సూర్యబింబం చుట్టూ సాలెగూడు వంటి వలయాలు కనిపించవు. కొద్ది నెలల తరువాత కనిపిస్తాయి. తుడిచే గుడ్డ చేసిన వేలాది సన్నని గీతలే అవి. రోడ్డు ధూళిలో ఇసుక పాలు ఎక్కువ. ఇసుకలోని స్ఫటిక కణాలు రంగు పూత కంటే ఎన్నో రెట్లు గట్టివి. పొద్దున్నే పొడి బనియను గుడ్డతో బండి తుడవడం శుభ్రత అనుకుంటారు కానీ, నిజానికి అది గరుకు కాగితంతో రుద్దడమే.

వాహనపు రంగు ఒకే పొర కాదు. లోహానికి తుప్పు పట్టకుండా ముందుగా రసాయన ప్రక్రియ, దానిపై ప్రైమర్, తరువాత రంగు, అన్నిటికీ పైన పారదర్శకమైన లక్క వంటి పొర ఉంటాయి. ఇవన్నీ కలిపినా మందం సాధారణంగా 100 మైక్రాన్ల ప్రాంతంలో, అంటే మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది. మెరుపునిచ్చేదీ, ఎండను తట్టుకునేదీ పై పొరే. రోడ్డు పక్క దుకాణాలలో 'రబ్బింగ్' పేరుతో చేసే పాలిష్ ఈ పొరను కొద్దికొద్దిగా అరగదీసి గీతలను మాయం చేస్తుంది. ఏడాది రెండేళ్లకు ఒకసారైతే ఫరవాలేదు. నెలనెలా చేయిస్తే మెరుపుతోపాటు రక్షణ కూడా పోతుంది. మైనం పూత ఇందుకు భిన్నం. అది దేనినీ అరగదీయదు, పైన మరో పలుచని పొరను చేర్చుతుంది.

కడగడంలో మెలకువలు

మొదటి సూత్రం, పొడిగా తుడవరాదు. రెండవది, ఎండలో గానీ ఇంజను వేడిగా ఉన్నప్పుడు గానీ కడగరాదు. వేడి లోహం మీద నీరు వెంటనే ఆవిరై, అందులోని లవణాలు తెల్లని మచ్చలుగా మిగులుతాయి. బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు అధికంగా ఉండే ప్రాంతాలలో ఈ మచ్చలు నల్ల ట్యాంకు మీద బొల్లి మచ్చలవలె కనిపిస్తాయి. అటువంటి చోట చివరి చెంబుడు నీళ్లయినా మంచినీరో, పట్టి ఉంచిన వాన నీరో అయితే మేలు.

పని రెండు బకెట్లతో ముగించవచ్చు. ఒకదానిలో వాహనాలకు ఉద్దేశించిన షాంపూ కలిపిన నీరు, మరొకదానిలో మామూలు నీరు ఉంచుకోవాలి. మొదట నీళ్లు పోసి మట్టిని నాననిచ్చి జారవిడవాలి. తరువాత మెత్తని మైక్రోఫైబర్ గుడ్డను షాంపూ నీటిలో ముంచి పై నుంచి కిందికి, ట్యాంకు, సీటు, పక్క ప్యానెళ్లు, చివరగా మడ్‌గార్డు, చక్రాలు అన్న వరుసలో తుడవాలి. ప్రతిసారీ గుడ్డను మామూలు నీటిలో జాడించిన తరువాతే తిరిగి షాంపూలో ముంచాలి. చక్రాలకు వాడిన గుడ్డను ట్యాంకుకు తాకించరాదు. నీటిని ఆరనివ్వకుండా మరొక పొడి గుడ్డతో అద్ది తీయాలి. బట్టల సబ్బు, సర్ఫు వంటివి మైనం పూతను కరిగించివేస్తాయి.

డీజిలుతో బండి కడిగే అలవాటు చాలా సర్వీసింగ్ కేంద్రాలలో ఉన్నది. అది తాత్కాలికంగా మెరిపించినా, జిడ్డు మీద దుమ్ము రెట్టింపుగా పేరుకుంటుంది, రబ్బరు భాగాలు ఉబ్బి చెడిపోతాయి. అధిక పీడనంతో వచ్చే నీటిధారను చక్రాల బేరింగులు, తాళం రంధ్రం, విద్యుత్ కనెక్షన్లపైకి మళ్లించరాదు. మెరుపు కోసం సీటుకు, టైర్లకు, డిస్కు బ్రేకుకు పాలిష్ పూయడం ప్రమాదకరం. కడిగిన తరువాత నెమ్మదిగా నడుపుతూ రెండు మూడు సార్లు బ్రేకు వేసి తడి ఆరనివ్వాలి, చైనుకు తిరిగి నూనె పట్టించాలి.

పక్షి రెట్టలో ఆమ్లం ఉంటుంది. ఎండలో ఆరనిస్తే రంగును తినివేస్తుంది. గోటితో గీకకుండా తడి గుడ్డను కొంతసేపు ఉంచి మెత్తబడ్డాక తీయాలి. ట్యాంకు మీద ఒలికిన పెట్రోలును అప్పటికప్పుడు తడి గుడ్డతో తుడవాలి. దుమ్ము పట్టిన బండి మీద ప్లాస్టిక్ కవరు కప్పితే గాలికి అది రాపిడి పెట్టడమే కాక, లోపలి తేమ తుప్పుకు దారి తీస్తుంది.

ఇటీవలి సంవత్సరాలలో ప్రాచుర్యం పొందిన మ్యాట్ నలుపునకు నియమాలు వేరు. దాని ఉపరితలం ఉద్దేశపూర్వకంగానే సూక్ష్మమైన గరుకుతనంతో ఉంటుంది. దానికి పాలిష్ పెడితే అక్కడక్కడా మెరుపు మచ్చలు ఏర్పడి తిరిగి పోవు. గీత పడితే రుద్ది సరిచేయడం సాధ్యం కాదు, ఆ భాగానికి పూర్తిగా రంగు వేయించవలసిందే. కొనేముందు ఈ విషయం తెలుసుకోవడం అవసరం.

నీటి లెక్క

శుభ్రత పేరుతో నీటిని వృథా చేయడం ఇక చెల్లదు. 2024 మార్చిలో బెంగళూరు నగరం తీవ్రమైన నీటి ఎద్దడిని ఎదుర్కొన్నప్పుడు, తాగునీటితో వాహనాలు కడగడాన్ని అక్కడి జల మండలి నిషేధించి, ఉల్లంఘించినవారికి 5,000 రూపాయల జరిమానా విధించింది. గొట్టం నిమిషానికి 10 లీటర్ల నీరు వదిలినా పావుగంటలో 150 లీటర్లు మురుగు కాలువ పాలవుతాయి. రెండు బకెట్ల పద్ధతిలో 30 లీటర్లు చాలు. నల్ల బండి సొంతదారు రోజూ కడగవలసిన అవసరం లేదు. వారానికి ఒకసారి సరైన పద్ధతిలో కడిగి, మూడు నాలుగు నెలలకొకసారి మైనం పూస్తే దుమ్ము గట్టిగా అంటుకోదు.

రాత్రివేళ కనిపించడమే ముఖ్యం

నలుపు విషయంలో అన్నిటికంటే గంభీరమైన ప్రశ్న ఒకటున్నది. చీకటి రోడ్డు మీద నల్లని బండి ఎదుటివారికి కనిపిస్తుందా? కేంద్ర రోడ్డు రవాణా శాఖ గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాలలో మరణించారు. వారిలో 74,897 మంది, అంటే నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాలపై ప్రయాణించేవారే.

న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ ప్రాంతంలో జరిపిన ఒక అధ్యయనం 2004లో 'బ్రిటిష్ మెడికల్ జర్నల్'లో వెలువడింది. కాంతిని ప్రతిఫలించే దుస్తులు ధరించినవారికి గాయాల ప్రమాదం 37 శాతం తక్కువగా, పగలు కూడా హెడ్‌లైటు వెలిగించినవారికి 27 శాతం తక్కువగా ఉన్నట్లు అందులో తేలింది. నల్ల హెల్మెట్‌తో పోలిస్తే తెల్ల హెల్మెట్ ధరించినవారికి ముప్పు 24 శాతం తక్కువ. అయితే మోటారు సైకిలు రంగుకు, ప్రమాదానికి సంబంధం కనిపించకపోవడం గమనార్హం. అంటే నల్ల బండి కొన్నంత మాత్రాన భయపడనక్కరలేదు. తలపై, ఒంటిపై నలుపు లేకుండా చూసుకోవడమే ముఖ్యం.

మన దేశంలో 2017 ఏప్రిల్ నుంచి కొత్త ద్విచక్ర వాహనాలన్నిటికీ ఇంజను నడుస్తున్నంతసేపూ హెడ్‌లైటు వెలిగే ఏర్పాటును తప్పనిసరి చేశారు. కానీ బురద కప్పిన దీపం వెలిగినా ప్రయోజనం పరిమితమే. వెనుక మడ్‌గార్డుపై ఉండే ఎర్రని రిఫ్లెక్టరు, బ్రేకు దీపం, నంబరు పలక దుమ్ముతో మూసుకుపోతే వెనుక నుంచి వచ్చే లారీ డ్రైవరుకు ఆ బండి ఉనికే తెలియదు. ట్యాంకును అద్దంలా మెరిపించేవారు కూడా తరచు విస్మరించేది ఈ భాగాలనే.

రంగు కొనేవారి అభిరుచి. ఆ అభిరుచికి అయ్యే ఖర్చు షోరూములో కట్టే సొమ్ముతో ముగిసిపోదు. నలుపును ఎంచుకున్నవారు వారానికో అరగంట, రెండు బకెట్ల నీళ్లు, ఒక మెత్తని గుడ్డ కేటాయించగలిగితే ఆ వాహనం ఏళ్ల తరబడి కొత్తదిగా ఉండి అమ్మకంలో మంచి ధర పలుకుతుంది. తుడవడం ఏ మూల నుంచి మొదలుపెట్టాలన్న సందేహం వచ్చినప్పుడు మాత్రం, ట్యాంకును కాసేపు పక్కనపెట్టి వెనుక ఉన్న ఎర్ర దీపాన్నే ముందుగా తుడవాలి.