కలం పట్టిన చేయి

పరీక్షా మందిరంలో రెండు గంటలు గడిచిన తరువాత విద్యార్థుల చేతులను గమనించిన వారికి ఒక దృశ్యం తరచుగా కనిపిస్తుంది. ఒకరు కలం కింద పెట్టి వేళ్ళు విదిలిస్తారు. మరొకరు మణికట్టును ఎడమచేతితో నొక్కుకుంటారు. నడిమివేలి చివరి కణుపు పక్కన కలం ఒరిసి ఒరిసి కాయ కాచిన వారు ప్రతి తరగతిలోను ఉంటారు. సమాధానం తెలిసి ఉండి కూడ, చేయి మొరాయించడం వల్ల ఆఖరి ప్రశ్నకు అరపుటతో సరిపెట్టుకున్నామని వాపోయేవారు కొందరు. ఇది చదువులోని లోపం కాదు. లోపం చాలావరకు చేతిలోని కలంలోను, దానిని పట్టే అలవాటులోను ఉన్నది.

నేడు మనం ఎక్కువగా వాడుతున్నది బాల్‌పాయింట్ పెన్ను. హంగరీ దేశపు పాత్రికేయుడైన లాజ్లో బిరో 1938లో దీనికి పేటెంటు పొందాడు. దాని కొనలో అతి చిన్న లోహపు గుండు ఉంటుంది. కాగితంతో రాపిడి కలిగినప్పుడు గుండు దొర్లి, లోపల ఉన్న జిగట సిరాను పైకి తెచ్చి కాగితానికి అంటిస్తుంది. గుండు దొర్లాలంటే కలాన్ని కొంత నిటారుగా పట్టాలి, కొంత ఒత్తిడి కూడ కావాలి. ఒక పంక్తికి ఆ ఒత్తిడి లెక్కలోనిది కాదు. ఇరవై పుటలకు అదే ఒత్తిడి వేళ్ళకు, అరచేతికి, ముంజేతికి పెనుభారమవుతుంది. వ్రాసిన పుటను వెనుకకు త్రిప్పి వేలితో తడిమి చూస్తే, ఎంత బలం వృథాగా ఖర్చయినదో అక్షరాల ఉబ్బు చెబుతుంది.

ఫౌంటెన్ పెన్ను, అనగా మన పెద్దలు సిరా కలమని, ఇంకు పెన్నని పిలుచుకున్న సాధనం, దీనికి పూర్తిగా భిన్నమైన సూత్రంపై పనిచేస్తుంది. ప్రమిదలోని వత్తి నూనెను ఎలా పీల్చుకుంటుందో, సన్నని సందులలోకి ద్రవం అలాగే తనంత తాను ప్రాకుతుంది. శాస్త్రజ్ఞులు దీనిని కేశనాళికత అంటారు. పాళీ మధ్యలో ఉన్న చీలిక అటువంటి సందే. పాళీ అడుగున ఆనుకొని నాలుక వంటి నల్లని ముక్క ఒకటి ఉంటుంది. దానిలోని సన్నని గాడుల గుండా సిరా కిందికి దిగుతుంది, అదే దారిన గాలి పైకి పోయి సిరా ఖాళీ చేసిన చోటును నింపుతుంది. ఈ రాకపోకలను క్రమబద్ధం చేసిన నాలుకకు అమెరికా దేశస్థుడైన లూయిస్ వాటర్‌మన్ 1884లో పేటెంటు పొందాడు. ఒక బీమా ఒప్పంద పత్రంపై సిరా ఒలికి బేరం చెడిపోవడం వల్లనే అతడు ఈ ప్రయత్నానికి పూనుకున్నాడని ఒక కథ ప్రచారంలో ఉన్నది. వినడానికి ముచ్చటగా ఉన్నా, ఆ కథకు గట్టి ఆధారాలు లేవు.

సిరా తనంత తాను దిగుతున్నప్పుడు ఇక చేతికి మిగిలిన పని పాళీని కాగితానికి తాకించి నడపడమే. కలం బరువే చాలు, వేళ్ళ బలంతో నిమిత్తం లేదు. బాల్‌పాయింట్‌కు అలవాటుపడిన చేయి ఈ సంగతిని వెంటనే గ్రహించదు. మొదటి రోజున సిరా కలాన్ని కూడ నొక్కి వ్రాస్తుంది. అప్పుడు పాళీ రెండు మొనలు విడిపోయి, చీలిక వెడల్పై, సిరా ధార తెగుతుంది. గీత మధ్యలో తెల్లని జాడ మిగులుతుంది. పెన్ను పాడైనదని అనుకొని ఇంకా గట్టిగా నొక్కుతారు. ఎందరో సిరా కలాన్ని ఒక వారంలోనే మూలపడవేయడానికి ఇదే కారణమని నా అభిప్రాయం. కావలసింది పదిహేను రోజుల ఓర్పు. బొటనవేలు, చూపుడువేలు కలాన్ని మెల్లగా పట్టుకోగా, నడిమివేలు కింద ఆధారంగా నిలవాలి. ఎదుటివారు కలాన్ని లాగితే సులువుగా జారిపోయేటంత వదులుగా పట్టు ఉండాలి. కలం కాగితంతో దాదాపు 45 డిగ్రీల కోణంలో వాలి, పాళీ చీలిక ఆకాశం వైపు చూస్తుండాలి. కలం వేళ్ళ మధ్య ఒక పక్కకు దొర్లినదంటే ఒక మొన పైకి లేచి, రెండవ మొన కాగితాన్ని గీరుతుంది.

కలం లావు కూడ ముఖ్యమే. సన్నని పుల్ల వంటి కలాన్ని పట్టుకోవడానికి వేళ్ళు ముడుచుకోవాలి. లావు కలం చుట్టూ అవి విప్పారి సుఖంగా నిలుస్తాయి. మూతను వెనుక తగిలించి వ్రాయడం కొందరికి అలవాటు. చిన్న కలమైతే దానివల్ల తూకం కుదురుతుంది. పెద్ద కలమైతే బరువంతా వెనుకకు పోయి, ముందు భాగాన్ని వేళ్ళతో అదిమిపట్టవలసి వస్తుంది. ఇది ఎవరి చేతికి వారు పరీక్షించి తేల్చుకోవలసిన విషయం.

తెలుగు లిపికి సంబంధించిన ఇబ్బందులు వేరే ఉన్నాయి. తాటాకుపై గంటంతో వ్రాసినందువల్ల మన అక్షరాలు గుండ్రదనాన్ని సంతరించుకున్నాయని పలువురు పండితులు చెబుతారు. కారణమేదైనా, మన వ్రాతలో కలం ఒకే దిక్కుకు సాగదు. పైకి, కిందికి, ఎడమకు, కుడికి సుడులు తిరుగుతుంది. కొన బాగా నునుపు చేయని పాళీ ఇంగ్లీషు వ్రాతలో సర్దుకుపోయినా, తెలుగు వ్రాతలో ఎదురు గీత వచ్చిన ప్రతిచోటా కాగితపు పీచును లేపుతుంది. లావు పాళీతో వ్రాస్తే సున్న పూడిపోయి చుక్క అవుతుంది. 'ప'కు, 'ష'కు నడుమ ఉన్న చిన్న గీత సిరాలో మునిగిపోతుంది. వత్తులు కింది పంక్తిని తాకుతాయి. అందుచేత తెలుగు వ్రాతకు సన్నని పాళీ మేలు. కొత్త పెన్ను కొనేటప్పుడు సంతకం చేసి చూడడం పరిపాటి. అంతకంటె రెండు మూడు సున్నలు, ఒక 'క్ష', ఒక 'ఋ' వ్రాసి చూస్తే పాళీ గుణం బయటపడుతుంది. ఎడమచేతి వాటం గలవారికి మరొక చిక్కు. చేయి తడి అక్షరాల మీదుగా సాగిపోతుంది. కాగితాన్ని కొంచెం ఏటవాలుగా త్రిప్పుకొని, చేతిని పంక్తికి దిగువన ఉంచడం అలవాటు చేసుకుంటే ఆ బాధ తగ్గుతుంది.

తెలుగువారికి ఈ సాధనంతో ఒక చారిత్రక బంధం కూడ ఉన్నది. గాంధీజీ స్వదేశీ ప్రబోధంతో ప్రభావితుడైన కోసూరి వెంకటరత్నం 1930వ దశకం ప్రారంభంలో రాజమండ్రిలో కలాల తయారీ చేపట్టాడు. ఆయన కలాన్ని అందుకున్న గాంధీజీ 1935 జూలైలో లేఖ వ్రాస్తూ, బజారులో కనిపించే విదేశీ కలాలకు అది తగిన ప్రత్యామ్నాయమని మెచ్చుకున్నాడు. రత్నం పెన్నుగా పేరొందిన ఈ కలానికి ముడిపదార్థం ఎబొనైటు. రబ్బరులో గంధకాన్ని అధికంగా కలిపి వేడిచేస్తే అది గట్టిపడి కొయ్యవలె చెక్కడానికి వీలవుతుంది. ఆ కడ్డీని తరిణ మీద త్రిప్పుతూ మలచి, నునుపు చేస్తారు. చెమట పట్టిన వేళ్ళకు ఎబొనైటు లోహం వలె జారదు, చల్లగాను తగలదు. కోస్తా వేసవిలో వ్రాసేవారికి ఇది చిన్న సౌకర్యం కాదు.

ఎబొనైటుకు మరొక సుగుణం ఉన్నది. అది వేడిని త్వరగా లోపలికి పోనివ్వదు. సిరా కలం కక్కుతుందన్న అపవాదుకు మూలం వేడిమియే. గొట్టంలో సిరా నిండుగా ఉన్నప్పుడు గాలికి చోటుండదు. సిరా తగ్గేకొద్దీ గాలి పెరుగుతుంది. చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి, మిగిలిన సిరాను కిందికి నెడుతుంది. నాలుక గాడులు కొంతవరకు దానిని ఆపుతాయి, ఆ పైన అది బొట్టుగా రాలుతుంది. కనుక ఫిల్లరుతో నేరుగా సిరా పోసుకొనే కలాన్ని పూర్తిగా అయిపోయేదాకా వాడరాదు. పావువంతు మిగిలి ఉండగానే నింపుకోవాలి. జేబులో పాళీ పైకి ఉండేటట్లు పెట్టుకోవాలి. పాళీని కిందికి పెట్టి బస్సు ప్రయాణం చేసి, తెల్ల చొక్కాను నీలిచొక్కాగా మార్చుకున్న అనుభవం నాకున్నది. ఆ చొక్కా మళ్ళీ తెల్లబడలేదు.

పరీక్ష వ్రాయదలచినవారు సిరా విషయంలోనూ జాగ్రత్త వహించాలి. ఉతికితే పోయే నీలిసిరా దుస్తులకు మంచిదే, కాని మంచినీళ్ళ సీసా ఒలికితే జవాబులకు మంచిది కాదు. ఇనుప లవణాలతో చేసిన నీలినలుపు సిరా గాలి తగిలి నల్లబడి, నీటికి చెదరకుండా నిలుస్తుంది. అయితే అందులో ఆమ్లగుణం ఉన్నందున కలంలో ఎండిపోనివ్వకూడదు. వ్రాసేటప్పుడు అరచేతి కింద ఒక కాగితం ముక్క వేసుకోవడం మరొక మంచి అలవాటు. చేతి చెమట, జిడ్డు అంటిన చోట సిరా పట్టదు. పాళీ చెడిందని మనం నిందించే సందర్భాలలో సగం ఆ జిడ్డు వల్లనే.

ఇక, తన కలాన్ని పరులకు ఇవ్వరాదని పాతతరంవారు పట్టుబట్టేవారు. పాళీ ఒక చేతికి మరిగితే మరొక చేతికి లొంగదని వారి నమ్మకం. ఇందులో సత్యం కొంత, మమకారం కొంత. పాళీ కొనకు అతికే మిశ్రలోహం ఎంతో కఠినమైనది, ఏళ్ళ తరబడి వ్రాస్తే తప్ప అరగదు. అరిగినప్పుడు మాత్రం మన కోణానికి అనుగుణంగానే అరుగుతుంది. ఒకరోజు అరువిచ్చినంత మాత్రాన ఆ అరుగుదల మారిపోదు. కాని అరువు తీసుకున్నవారు బాల్‌పాయింట్ అలవాటుతో నొక్కి వ్రాస్తే పాళీ మొనలు శాశ్వతంగా వంగిపోవచ్చు. మా నాన్నగారు తన కలాన్ని అడిగినవారికి కాదనకుండా ఇచ్చేవారు. ఇచ్చేటప్పుడు మూత మాత్రం తన దగ్గరే ఉంచుకొనేవారు.