బిగుసుకున్న నట్టు పొడవాటి పైపుకే ఎందుకు లొంగుతుంది?

కారు చక్రం మధ్యలో ఉండే పెద్ద ఇరుసు నట్టును మెకానిక్ విప్పడం ఎప్పుడైనా చూశారా? పానాకి ఓ ఇనప పైపు తొడిగి, దాని చివర పట్టుకుని నొక్కుతాడు. అంతదాకా మొండికేసిన నట్టు 'టక్'మని వదులవుతుంది. పైపుకి అంత బలం ఎక్కడిది?

ఇంట్లో తలుపును బందుల దగ్గర వేలితో నెట్టి చూడండి. కదలనంటుంది. గడియ ఉన్న అంచు దగ్గర నెట్టండి, ఇట్టే తెరుచుకుంటుంది. తిరిగే చోటికి ఎంత దూరంగా నొక్కితే, తిప్పే బలం అంత ఎక్కువ. దీన్నే టార్క్ అంటారు. చాలా కార్లలో ఇరుసు నట్టుకి 200 నుంచి 300 న్యూటన్ మీటర్ల టార్క్ కావాలి. పావు మీటరు పానాతో 250 రావాలంటే దాదాపు 100 కిలోల బరువుతో నొక్కాలి. మీటరు పొడవైతే 25 కిలోలు చాలు!

అసలు అంత బిగువెందుకు? నాకు బాగా నచ్చే సంగతి ఇదే. నట్టు బిగించేకొద్దీ ఉక్కు ఇరుసు కొన కంటికి కనిపించనంత సాగుతుంది. సాగిన ఉక్కు వెనక్కి రావాలని లాగుతూనే ఉంటుంది. ఆ లాగుడే చక్రం బేరింగును అదిమిపడుతుంది. మరల మధ్య రాపిడి పెరిగి, కుదుపులకి నట్టు ఊడకుండా ఉంటుంది. విప్పేటప్పుడు ఆ రాపిడినీ, పట్టిన తుప్పునీ గెలవాలి.

అప్పుడు కారు హ్యాండ్ బ్రేకుతో నేల మీదే ఉండాలి. జాకీ మీద ఉంటే ఆ తోపుకి జారిపడొచ్చు. మీరు కాస్త దూరంగా నిలబడి చూడండి, పైపు పెద్దవాళ్ల చేతిలోనే ఉండనివ్వండి. మళ్లీ బిగించడానికి మాత్రం పైపు పనికిరాదు, ఎంత బిగిసిందో అది చెప్పలేదు. అందుకు టార్క్ రెంచి ఉంది. కంపెనీ చెప్పిన అంకె పెట్టుకుని తిప్పితే, అక్కడికి రాగానే 'క్లిక్'మంటుంది.