ఒక్క ఫ్రేము కట్టేవాడి లెక్క

1970ల్లో కాలిఫోర్నియాలోని మెరిన్ కౌంటీ కుర్రాళ్లకు టమాల్‌పైస్ కొండ మీది మట్టిదారుల్లో సైకిలు మీద జారుకుంటూ దిగడం పిచ్చి. అందుకు వాడేవి ష్విన్ కంపెనీ వారి పాతకాలపు బరువు బండ్లు. ఏటవాలు ఎంతంటే వెనక హబ్బులోని బ్రేకు వేడికి గ్రీజు కాలిపోయేది. కిందికి దిగాక హబ్బు విప్పి మళ్లీ గ్రీజు కూరాలి. గ్రీజైతే కూరుకోవచ్చు, వంగిపోయిన ఫ్రేమును ఏం చేస్తారు? ఆ దెబ్బలకు తట్టుకునే ఫ్రేము ఏ కంపెనీ దగ్గరా లేదు. అక్కడి రేసు సైకిలిస్టు జో బ్రీజ్‌కు ఫ్రేముల పని వచ్చు. క్రోమ్-మాలిబ్డినం ఉక్కు పైపులతో 1977లో మొదలుపెట్టి మరుసటి ఏడాదికల్లా 10 ఫ్రేములు కట్టాడు. వాటిలో మొదటిది ఇప్పుడు స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. ఆ తర్వాతే, 1981లో, స్పెషలైజ్డ్ కంపెనీ ఇలాంటి చేతిపని ఫ్రేములను చూసి స్టంప్‌జంపర్ అనే మౌంటెన్ బైకును జపాన్‌లో పెద్దఎత్తున చేయించింది. పది బండ్ల కోసం ఏ కార్ఖానా తన మిషన్లను మార్చుకోదు. పది కాదు, ఒక్కటైనా గిట్టుబాటయ్యేలా కట్టగలగడమే ఊళ్లోని ఫ్రేము పనివాడి అసలు సరుకు. చేతిపని మీద మోజు, పాతకాలం మీద మమకారం అన్నవి ఈ వ్యాపారాన్ని నిలబెట్టాయని చాలామంది అంటారు. నిలబెట్టింది ఉక్కు స్వభావం, అతుకు వేసే పద్ధతి అని నా వాదన.

సైకిలు ఫ్రేము రూపం 1885లోనే దాదాపు కుదిరింది. ఇంగ్లండులోని కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ దాదాపు సమానమైన రెండు చక్రాలతో, వెనక చక్రానికి చైనుతో రోవర్ బండిని తెచ్చాడు. కొద్ది ఏళ్లలోనే అది నేరుగా ఉండే పైపుల త్రికోణాలుగా స్థిరపడింది. త్రికోణంలో పైపు మీద పడే భారం చాలామటుకు దాని పొడవు వెంబడే నెట్టడమో లాగడమో చేస్తుంది కాబట్టి సన్నని గోడ ఉన్న పైపు కూడా ఆగుతుంది. చిక్కల్లా కొసల దగ్గర. అతుకు వేసే మంటకు అక్కడ ఉక్కు బలం తగ్గుతుంది, పైగా ఎక్కువ ఒత్తిడి పడేదీ అక్కడే. బర్మింగ్‌హామ్‌లో మేకులు చేసే కుటుంబానికి చెందిన ఆల్ఫ్రెడ్ రేనాల్డ్స్ 1897లో దీనికి ఉపాయం పట్టాడు: బయటి కొలత మారకుండా, లోపల కొసల్లో మందంగా, నడుమ పలచగా ఉండే పైపు. కొసల్లో 0.9 మిల్లీమీటర్లు, మధ్యలో 0.6 అన్నది తర్వాతి రోజుల్లో మామూలు కొలత అయింది. 1935లో అదే కంపెనీ మాంగనీస్-మాలిబ్డినం ఉక్కుతో ‘531’ పైపును తెచ్చింది. మిలాన్‌లో 1919లో పుట్టిన కొలంబస్ కంపెనీదీ ఇదే దారి. లోహశాస్త్రంలో కష్టమైన పనంతా ఆ మిల్లుల్లోనే అయిపోయింది. పలచని పైపులు పార్సిల్లో ఊరికి వస్తాయి. అక్కడ మిగిలేది కోయడం, ఆకురాయి పట్టడం, అతకడం.

అతకడంలోనే ఉంది కిటుకు. ఒక పైపు కొసను ఇంకో పైపు ఒంపు మీద సందు లేకుండా కూర్చునేలా చేప నోరులా అరగదీస్తారు. లగ్గు వాడే పద్ధతిలో ఆ కొస ఒక ఉక్కు తొడుగులో దూరుతుంది. పైపుకూ తొడుగుకూ మధ్య సందు మిల్లీమీటరులో పదో వంతు లేదా అంతకన్నా తక్కువ. మంటకు ఉక్కు మీద చిట్టెం కట్టకుండా వెలిగారం లాంటి ముద్ద పూస్తారు. కంసాలి టంకం వేసేటప్పుడు వాడేదీ ఇదే. ఉక్కు కరగాలంటే 1,500 డిగ్రీల దరిదాపుల్లోకి పోవాలి. ఇత్తడి కడ్డీ 900 డిగ్రీల వద్ద, వెండి మిశ్రమమైతే 650 ప్రాంతంలో కరుగుతుంది. అంటే పైపు చెక్కుచెదరకుండా అతుకు ఒక్కటే కరిగి పారుతుంది. కరిగిన లోహం వేడి ఉన్న వైపుకే పాకుతుంది కనుక, పనివాడు మంటను తొడుగు చుట్టూ తిప్పుతూ ఇత్తడిని సందు లోపలికి ‘లాగుతాడు’. అవతలి అంచున సన్నని పసుపు గీత కనబడితే లోపలంతా నిండినట్టు. మన ఊళ్లలో విరిగిన సైకిలుకు గ్యాస్ వెల్డింగ్ షాపులో ఇత్తడి అతుకు వేయడం వెనక ఉన్నదీ ఇదే సూత్రం. ఇప్పుడు లెక్క చూడండి. ఫ్రేము కోణం ఒక డిగ్రీ మారాలంటే కాగితం మీద గీత మారాలి, ఆకురాయి ఇంకాస్త కదలాలి. అంతే. కార్బన్ ఫ్రేముకు సాధారణంగా సైజుకొక అచ్చు కావాలి. అచ్చు ఖర్చు వేల ఫ్రేముల మీద పంచితే తప్ప రాదు. అల్యూమినియానికి వెల్డింగ్ తర్వాత బలం తిరిగి రావడానికి పెద్ద కొలిమిలో వేడి చికిత్స చేయాలి. ఉక్కుకు రెండూ అక్కర్లేదు.

అయినా ఒక్కొక్కరికీ వేరే ఫ్రేము ఎందుకు, సీటు ఎత్తు మార్చి హ్యాండిల్ దగ్గరి స్టెమ్ మారిస్తే సరిపోదా అంటారు. సగటు ఒడ్డూ పొడుగూ ఉన్నవారికి నిజంగానే సరిపోతుంది. వారికి కొలతల పేరుతో ఖరీదైన ఫ్రేము అంటగట్టడం వ్యాపారమే తప్ప విజ్ఞానం కాదు. కానీ కొలత ఒక్కటే ఆటంకం కాదు. పైపు వంగకుండా నిలిచే గుణం దాని వ్యాసం ఘనంతో పెరుగుతుంది. గోడ మందం అంతే ఉంచి 28.6 మిల్లీమీటర్ల పైపుకు బదులు 31.8 పైపు వేస్తే గట్టితనం సుమారు 37 శాతం పెరుగుతుంది. యాభై కిలోల మనిషికీ నూరు కిలోల మనిషికీ ఒకే పైపు వేసే కార్ఖానా బరువైనవాడి కోసం లెక్క కట్టక తప్పదు. తేలికైన మనిషి ఆ అదనపు గట్టితనాన్ని, బరువును ఊరికే మోస్తాడు. ఇక పొట్టివాళ్ల సంగతి. పెద్ద చక్రాన్ని అలాగే ఉంచి ఫ్రేమును కుదిస్తే మలుపులో పాదం ముందు చక్రానికి తగులుతుంది. మెకానికల్ ఇంజినీరు జార్జీనా టెర్రీ న్యూయార్క్ రాష్ట్రంలో ఇంట్లోనే ఫ్రేములు అతుకుతూ దీనికి పరిష్కారం వెతికింది. ముందు చక్రాన్ని 24 అంగుళాలకు తగ్గించి, వెనకది మామూలుగా ఉంచింది. 1985లో పెట్టిన ఆమె కంపెనీ ఆడవాళ్ల సైకిళ్లకు పేరుపడింది. కొనేవాళ్లలో ఇంతమంది ఇబ్బంది పెద్ద కంపెనీల కంటికి ఆనకపోవడం విచిత్రం. మనమూ తక్కువ తినలేదు: పెద్దల సైకిలు ఫ్రేము మధ్యలోంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్న తరాలు మనవి.

బరువు మాటకొస్తే కార్బన్‌దే పైచేయి. మంచి కార్బన్ ఫ్రేము కిలో లోపు తూగుతుంది, ఉక్కుది కిలోన్నర పైమాటే. మనిషి, బండి కలిసి ఎనభై కిలోలు ఉన్నప్పుడు ఆ తేడా ఒక శాతం అటూ ఇటూ. కొండెక్కే రేసులో అది గెలుపోటములు తేలుస్తుంది, రోజూ తిరిగేవాడికి తెలియను కూడా తెలియదు. జపాన్‌లో కైరిన్ అనే సైకిలు ట్రాక్ పందేల సంప్రదాయ రూపంలో ఆమోదం పొందిన పనివాళ్లు కట్టిన ఉక్కు ఫ్రేములే వాడాలన్న నియమం ఉంది. ఆ పనివాళ్లలో ఒకడైన నగసావా కట్టిన బండ్ల మీద కోయిచి నకానో 1977 నుంచి 1986 దాకా వరుసగా పదిసార్లు స్ప్రింటులో ప్రపంచ విజేత అయ్యాడు. ప్రత్యర్థుల బండ్లూ ఆ రోజుల్లో ఎక్కువగా ఉక్కువే కాబట్టి దీన్ని ఉక్కు గొప్పతనానికి రుజువుగా చూపలేం. చిన్న షెడ్డులో చేసినది రెండో రకం సరుకన్న మాట మాత్రం దీనితో చెల్లదు.

అన్నిటికన్నా గట్టి ఆక్షేపణ బతుకుదెరువు గురించి. న్యూయార్క్ రాష్ట్రంలోని సారటోగా స్ప్రింగ్స్‌లో 1972లో మొదలైన సెరోటా అనే ఫ్రేముల కంపెనీ 2013లో మూతపడింది. ష్విన్ దివాలా తీశాక, విస్కాన్సిన్‌లోని చిన్న ఊరు వాటర్‌ఫర్డ్‌లో దాని పాత షెడ్డునే తీసుకుని ఆ కుటుంబపు మనిషి రిచర్డ్ ష్విన్ భాగస్వామితో 1993లో పెట్టిన కంపెనీ 2023లో ఆగింది. ఒక్కోదానికి దాని కారణాలుంటాయి. కానీ నేను పైన చెప్పిన లెక్కే ఇక్కడ ఎదురు తిరుగుతుందని గమనించాలి. మొదటి ఫ్రేముకు అదనపు ఖర్చు లేని పద్ధతిలో నూరో ఫ్రేముకు ఆదా కూడా పెద్దగా ఉండదు. మనుషుల్ని పెట్టుకుని పెరిగితే జీతాలు, అద్దె పెరుగుతాయి. ఫ్రేము ఖర్చు మాత్రం దిగదు. కనెక్టికట్‌లోని చెస్టర్ అనే చిన్న ఊళ్లో 1970ల్లో పని మొదలుపెట్టిన రిచర్డ్ సాక్స్ ఒంటరిగానే కట్టుకుంటూ, కొనేవాళ్లను ఏళ్ల తరబడి వరుసలో నిలబెట్టి దశాబ్దాలు నెగ్గుకొచ్చాడు. ఈ వ్యాపారం ఒకరిద్దరి దగ్గర ఆగితేనే గిడుతుంది. చిన్న ఊరి తక్కువ అద్దె ఆ సూత్రంలో భాగమే.

ఇక ముందు ఈ లెక్కను మార్చగలిగేది లోహపు పొడిని పొరలుపొరలుగా కరిగించి ముద్రించే మిషను. అది ఏ కోణంలో కావాలంటే ఆ కోణంలో లగ్గు తీస్తుంది, అందులో కార్బన్ పైపులు జిగురుతో అతికిస్తే అచ్చు అవసరం లేని కార్బన్ ఫ్రేము తయారు. ఇన్నాళ్లూ ఉక్కుకు దక్కిన సౌలభ్యం కార్బన్‌కూ దక్కినట్టే. మిషను కొనే స్తోమత ఊరి పనివాడికి ఉండదు, నిజమే; ఉండనక్కర్లేదు కూడా. పైపులు ఎప్పుడూ బర్మింగ్‌హామ్ నుంచో మిలాన్ నుంచో వచ్చినవే, ఇకమీదట లగ్గులు కూడా అలాగే పార్సిల్లో వస్తాయి.