ఒక బేస్‌బాల్ అభిమాని, అతని కుమార్తె

రేడియోలో క్రికెట్ వ్యాఖ్యానము వచ్చునప్పటి ఇంటి సందడి మన పాఠకులకు క్రొత్త కాదు. తండ్రి చెవి పెట్టెకు ఆనించి కూర్చుండును. పిల్లవాడు ఎన్ని పరుగులని అడుగును. ఎవరు ఔటయిరని వంటయింటినుండి తల్లి ప్రశ్నించును. ఆట వందల మైళ్ళ దూరమున జరుగుచున్నను, ఆ పూట ఇల్లంతయు ఆ మైదానముననే ఉండును.

అమెరికాలో చిరకాలము ఈ స్థానము బేస్‌బాల్‌ది. ఆ ఆటకు తన జీవితమును ముడివేసికొనిన ఒక తండ్రిని గూర్చి ఇచట చెప్పదలచితిమి. అతడు పేరుమోసిన ఆటగాడు కాడు. పేరు మైకేల్ కెర్న్స్; న్యూయార్క్ రాష్ట్రమున బ్యాంకుల లెక్కలు తనిఖీచేయు ఉద్యోగి. చిన్ననాడే తల్లిదండ్రులను పోగొట్టుకొనినవాడు. బ్రూక్లిన్ డాడ్జర్స్ అను జట్టన్న అతనికి ప్రాణము. అతనిని లోకమునకు పరిచయము చేసినది కుమార్తెయే. ఆమె ప్రసిద్ధ చరిత్రకారిణి డోరిస్ కెర్న్స్ గుడ్విన్. తన బాల్యస్మృతులను ఆమె 1997లో గ్రంథముగ ప్రకటించెను.

మొదట ఆటను గూర్చి నాలుగు మాటలు. జట్టునకు తొమ్మిదిమంది. చదరముగ అమర్చిన నాలుగు స్థానములను బేసులందురు. ఒకదానికి మరియొకటి 90 అడుగుల దూరము. బంతిని 60 అడుగుల 6 అంగుళముల దూరమునుండి విసరుదురు. కొట్టినవాడు క్రికెట్‌లోవలె బ్యాటు పట్టుకొని పరుగిడడు. దానిని పారవేసి పరుగిడును. నాలుగు బేసులు చుట్టివచ్చినచో ఒక పరుగు. ముగ్గురు ఔటయినచో వంతు మారును. ఇట్లు ఒక్కొక్క జట్టునకు తొమ్మిది వంతులు. ఒక ఆట కొన్ని గంటలలో ముగియును; కాని వరుస ముగియదు. ఆ రోజులలో ఒక్కొక్క జట్టు ఏటికి 154 ఆటలాడెడిది. నేడు 162 ఆడుచున్నది. వసంతము మొదలు శరత్తు వరకు ఇంచుమించు ప్రతిదినము ఆటయే. కావున ఈ అభిమానము పండుగనాటి ఉత్సాహము వంటిది కాదు, నిత్యకృత్యము వంటిది.

1949లో, డోరిస్‌కు ఆరేండ్ల వయసున, తండ్రి ఆమె చేతికి ఎఱ్ఱని అట్టగల ఒక లెక్కల పుస్తకము నిచ్చెను. ఆటను అంకెలలో వ్రాసికొను పద్ధతి అమెరికాలో పాతది. ఇంగ్లండున పుట్టి బ్రూక్లిన్‌లో స్థిరపడిన హెన్రీ చాడ్విక్ అను పత్రికారచయిత 19వ శతాబ్దమున దానికి రూపు దిద్దెను. ఇప్పటి వాడుకలో ప్రతి ఆటగాని స్థానమునకు ఒక అంకె గలదు. విసరువాడు 1, అతనికెదురుగ బంతి పట్టువాడు 2, మొదటి బేసువాడు 3, ఇట్లు 9 వరకు. 6-4-3 అని వ్రాసినచో, ఆరవవాడు బంతినందుకొని నాల్గవవానికి, అతడు మూడవవానికి విసరగా ఇద్దరు ఔటయిరని అర్థము. ఇట్టి గుర్తులు తెలిసినవానికి ఒక్క పుటలో ఆట యంతయు కనబడును. లెక్కలు చూచుటయే వృత్తిగా గల తండ్రి బిడ్డకిచ్చిన విద్య ఇది.

ఆటలు ఎక్కువగ పగటివేళ జరుగుచుండెను. తండ్రి కార్యాలయమున ఉండును. బిడ్డ ఇంటిలో రేడియో వినుచు, ప్రతి బంతిని పుస్తకమున గుర్తించుకొనుచుండెను. న్యూయార్క్ నగరములోని మూడు జట్లును, ప్రేక్షకులు తగ్గుదురను భయమున, 1938 వరకు రేడియోను దూరముంచినవి. 1939లో బ్రూక్లిన్ జట్టు రెడ్ బార్బర్ అను వ్యాఖ్యాతను పిలిపించెను. మూడు నిమిషములలో ఇసుక జారిపోవు చిన్న గడియారమును అతడు ఎదుట ఉంచుకొనెడివాడు. ఇసుక జారినంతనే స్కోరు చెప్పి, గడియారమును తలక్రిందులు చేయును. అప్పుడే రేడియో పెట్టిన శ్రోతను మరువకుండుటకు చేసికొనిన ఏర్పాటది. మా వృత్తివారెల్లరును జ్ఞాపకముంచుకొనదగినది.

రాత్రి భోజనమైన పిమ్మట తండ్రి కూర్చుండి, ఆట ఎట్లు జరిగినదని అడుగును. మొదటి రోజులలో బిడ్డ ఆగలేక, గెలిచినాము లేదా ఓడినాము అని ముందే చెప్పివేసెడిది. చెప్పిన పిమ్మట కథలో పట్టు పోయెడిది. క్రమముగా ఆమె మొదటి వంతు నుండి ఆరంభించి, ఫలితమును చివరివరకు దాచి చెప్పుట నేర్చెను. తండ్రి ప్రతి మాటను క్రొత్తగా విన్నట్లు వినును. మరునాటి వార్తాపత్రికలలో ఆట వివరములన్నియు అచ్చగునని మాత్రము అతడు ఆమెకు చెప్పలేదు. తాను చెప్పనిదే తండ్రికి ఆట తెలియదని ఆ పసిబిడ్డ చాలకాలము నమ్మెను. చరిత్రను కథగ చెప్పుటలో పేరొందిన ఆమె, ఆ విద్యకు మొదటి బడి ఆ సాయంకాలములే యని చెప్పుకొనెను.

ఆ జట్టు అభిమానులకు సుఖము తక్కువ. అంతిమ పోటీలలో 1941, 1947, 1949, 1952, 1953 సంవత్సరములలో యాంకీస్ జట్టు చేతిలో ఓడిరి. ప్రతి ఓటమికిని వారి సమాధానమొక్కటే: వచ్చే ఏడు చూతము! 1955 అక్టోబరు 4న 2-0తో యాంకీస్‌ను గెలిచినప్పుడు ఆ వచ్చే ఏడు వచ్చినది.

ఆ సంతోషము నిలువలేదు. 1957 ఆటలు ముగిసిన పిమ్మట జట్టు లాస్ ఏంజిలిస్ నగరమునకు తరలిపోయెను. 1958లో, డోరిస్‌కు 15 ఏండ్ల వయసున, తల్లి మరణించెను. 1960లో బ్రూక్లిన్‌లోని ఎబెట్స్ ఫీల్డ్ మైదానమును పడగొట్టిరి. జట్టు లేదు, మైదానము లేదు, ఇంటిలో తల్లి లేదు.

అయినను తండ్రి నేర్పిన అలవాటు మిగిలెను. అనేక సంవత్సరముల పిమ్మట ఆమె బోస్టన్ నగరమున మరియొక జట్టునకు అభిమానియై, తన కుమారులను వెంటబెట్టుకొని మైదానమునకు పోవుచుండెను. అచట కన్నులు మూసికొనినచో తండ్రి ప్రక్కన కూర్చున్నట్లుండునని ఆమె చెప్పుకొనెను. తాతను ఎరుగని మనుమలకు అతడు అట్లు అందెను.

అభిమానము వ్యర్థకాలక్షేపమని కొందరందురు. వేళమించి, కోపతాపములకు దారితీసినచో అది నిజమే. కాని ఈ తండ్రి తన ఆటను తానొక్కడే అనుభవింపలేదు. పగలెల్ల పనిచేసి వచ్చి, ఆరేండ్ల బిడ్డ చెప్పునది రెండు గంటలైనను ఓపికతో వినెను. మన ఇండ్లలోను పిల్లలు ఏదో ఒక ఆటను, కథను విని, మనకు చెప్పుటకు ఎదురుచూచుచుందురు. ఫలితము మనకు ముందే తెలిసియుండవచ్చును. ఆ సంగతి పైకి చెప్పకుండుటలోనే ఉన్నది ఆ తండ్రి నేర్పు.