ట్రినిడాడ్ దీవిలో క్రిస్మస్: పండుగ పాట, షుగరు మాట

పండుగ వెళ్లిన వారములో షుగరు పెరిగి మా వార్డులకు వచ్చేవారిని ఏటా చూస్తున్నాము. అందుకే ఈసారి మనలాగే ఇంటింటికి తిరిగి పాడి పండుగ చేసుకొనే ఒక దూరపు దీవిని గూర్చి వ్రాస్తున్నాము.

కరీబియన్ సముద్రములో, వెనిజులా తీరానికి దగ్గరగా ట్రినిడాడ్ ఉన్నది. 1845 నుండి 1917 వరకు 1,40,000 మందికి పైగా భారతీయులు చెరకు తోటల పనికి ఓడలలో అక్కడికి వెళ్లారు. వారిలో మద్రాసు రేవు నుండి బయలుదేరినవారు కూడా ఉన్నారు. 1868లో కెనడా నుండి వచ్చిన మిషనెరీ జాన్ మోర్టన్ ఆ కూలీల పిల్లలకు బడి పెట్టి, వారి మధ్య సువార్త పరిచర్య చేశారు. నేడు అక్కడ హిందూ, ముస్లిం పొరుగువారు కూడా క్రిస్మస్ విందులో సంతోషముగా పాలుపొందుతారు.

పండుగకు ముందు ఇల్లు కడిగి, రంగులు వేసి, కొత్త కర్టెన్లు కడతారు. రాత్రివేళ ‘పరాంగ్’ బృందాలు బయలుదేరతాయి. నాలుగు తీగల చిన్న గిటారు, గింజలు నింపిన గిలకలు వాయిస్తూ, దేవదూత మరియకు తెచ్చిన వర్తమానమును, ప్రభువు జననమును స్పానిష్ భాషలో పాడతారు. తలుపు తీసిన ఇంటివారు అందరికీ భోజనము పెడతారు. ఈ పాటలు జనవరి 6 వరకు సాగుతాయి.

మొక్కజొన్న పిండిలో మాంసము పెట్టి, అరటి ఆకులో చుట్టి ఆవిరిపై ఉడికించిన ‘పాస్టెల్’, రమ్ములో నానబెట్టిన ఎండుపండ్ల నల్ల కేకు అక్కడి పండుగ వంటలు. ఎర్రని ‘సోరెల్’ పానీయము లేని ఇల్లు ఉండదు. ఈ సోరెల్ ఎవరో కాదు, మన గోంగూరే! మనము ఆకు తింటాము. వారు పూలు రాలిన తరువాత కాయను చుట్టుకొని ఉండే పుల్లని ఎర్ర రేకలను దాల్చినచెక్క, లవంగాలతో మరిగించి, చాలా పంచదార కలిపి త్రాగుతారు. దోషము గోంగూరది కాదు, పంచదారది. అది రక్తపోటును కొంత తగ్గిస్తుందని పరిశోధనలు చెప్పినా, దానిని నమ్మి బి.పి. మాత్రలు మానరాదు.

షుగరు, బి.పి., గుండె జబ్బులు ఆ దీవులను ఎంత బాధించాయంటే, 2007 సెప్టెంబరులో కరీబియన్ దేశాధినేతలు ట్రినిడాడ్ రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో వీటి కొరకే సమావేశమయ్యారు.

మన కేరల్స్ రౌండ్స్‌లో కూడా ఇల్లిల్లూ కేకు, గులాబీ పువ్వులు, అరిసెలు, టీ పెడుతుంది. కనుక షుగరు ఉన్నవారు ఇవి గుర్తుంచుకోండి:

• మాత్రలు, ఇన్సులిన్ పండుగ రోజున మానవద్దు. తీపి తిన్నామని మోతాదు మీరే పెంచుకోవద్దు.
• రాత్రి రౌండ్స్‌కు భోజనము చేసి బయలుదేరండి. ప్రతి ఇంటా తినక, ఒక్క ఇంట చిన్న ముక్క చాలును.
• చెమటలు, వణుకు, తల తిరుగుట కనిపిస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి త్రాగించండి. స్పృహ లేనివారి నోట ఏమీ పోయక ఆసుపత్రికి తీసుకురండి.
• కొత్త చెప్పులు కరచిన పాదాలను ఆ రాత్రే చూసుకోండి.

ఆతిథ్యమిచ్చే గృహిణులారా, పళ్లెములో వేరుశెనగలు, జామముక్కలు, చక్కెర లేని టీ కూడా ఉంచండి. ‘ఒక్కటి తినండి, ఏమీ కాదు’ అని బలవంతము చేయకండి. పరాంగ్ పాటగాండ్రను ఆ దీవివారు ఎదురుచూసేది పాట కొరకు, మనుషుల కొరకు. మంచము పట్టినవారి గుమ్మము దగ్గర మీ పాట మరి రెండు నిమిషాలు ఎక్కువ సాగనివ్వండి. ప్రభువు మీ గృహాలను ఆరోగ్యముతో దీవించును గాక.