ఐస్ హాకీలో స్పీడ్ కావాలా? ముందు కాళ్లు, తర్వాతే స్కేట్స్.. చెక్ చేయడానికి మీ ఫోన్ చాలు!

ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌కు ముందు కుర్రాళ్ల ఫిట్‌నెస్ తేల్చే 'కంబైన్' ఒకటి ఉంటుంది. విచిత్రం ఏంటంటే, ఆ ఫిట్‌నెస్ టెస్టుల్లో ఎవరూ స్కేట్స్ కట్టరు. నిలబడి దూకే లాంగ్ జంప్, ఫోర్స్ ప్లేట్ మీద వర్టికల్ జంప్, ఊపిరి తిప్పుకోనివ్వని సైకిల్ టెస్ట్.. అన్నీ నేల మీదే. ఎందుకంటే ఐస్ మీద కనిపించే స్పీడ్‌కు ఇంజిన్ కాళ్లలోనే ఉంది.

పరుగు వేరు, స్కేటింగ్ వేరు

పరుగులో కాలు ప్రధానంగా వెనక్కి తోస్తుంది. స్కేటింగ్‌లో మోకాలు బాగా వంచి, పక్కకూ వెనక్కూ కలిపి తోయాలి. అదీ ఒక్కో కాలితో. అందుకే మామూలు స్క్వాట్స్‌తోనే ఆగిపోకూడదు. వీటినీ కలపండి:

• బల్గేరియన్ స్ప్లిట్ స్క్వాట్: వెనక కాలు బెంచ్ మీద పెట్టి, ముందు కాలి బలంతో కిందికి దిగి లేవడం.
• లేటరల్ లంజ్: పక్కకు పెద్ద అడుగు వేసి, ఆ కాలి మీద కూర్చోవడం.
• స్కేటర్ జంప్: ఒక కాలి మీద నుంచి పక్కకు దూకి, రెండో కాలి మీద కదలకుండా ఆగడం. బలాన్ని స్పీడ్‌గా మార్చేది ఇదే.
• కోపెన్‌హేగన్ ప్లాంక్: పై కాలు బెంచ్ మీద ఆనించి చేసే సైడ్ ప్లాంక్. తొడ లోపలి కండరాల కోసం.

చివరిది స్కిప్ చేయొద్దు. ఒక ఎన్‌హెచ్‌ఎల్ జట్టుపై చేసిన స్టడీ 2001లో వచ్చింది. తొడ లోపలి కండరాల బలం, కాలిని పక్కకు తోసే కండరాల బలంలో 80 శాతం కంటే తక్కువున్న ఆటగాళ్లకు ఆ లోపలి కండరాలు పట్టేసే ప్రమాదం 17 రెట్లు ఎక్కువని అందులో తేలింది.

ఫోన్‌తో కొలవడం ఎలా?

ఫోర్స్ ప్లేట్లు మన బడ్జెట్‌లో వచ్చేవి కావు. 240 ఎఫ్‌పీఎస్ స్లో మోషన్ ఉన్న ఫోన్ చాలు. ఫోన్‌ను నేలకు దగ్గరగా, కదలకుండా పెట్టి, పాదాలు కనిపించేలా రికార్డ్ చేస్తూ నిటారుగా ఎగరండి. పాదం నేల వదిలిన ఫ్రేమ్ నుంచి మళ్లీ తాకిన ఫ్రేమ్ వరకు ఎన్ని ఫ్రేములో లెక్కపెట్టి, 240తో భాగిస్తే గాల్లో ఉన్న సమయం వస్తుంది. దాన్ని దానితోనే గుణించి, మళ్లీ 122.6తో గుణించండి. ఎంత ఎత్తు ఎగిరారో సెంటీమీటర్లలో వచ్చేస్తుంది.

ఉదాహరణకు 120 ఫ్రేములు అంటే అర సెకను. ఎత్తు సుమారు 30.7 సెం.మీ. ఇక్కడ ఒక ఫ్రేమ్ తప్పినా తేడా అర సెంటీమీటరే. అదే 60 ఎఫ్‌పీఎస్ వీడియోలో అయితే 2 సెం.మీ. వరకు తేడా వస్తుంది.

రెండు జాగ్రత్తలు. గాల్లో మోకాళ్లు ముడిస్తే నంబర్ ఉత్తినే పెరుగుతుంది, కాళ్లు చాపే దిగండి. అలాగే కొన్ని ఫోన్లలో '960 ఎఫ్‌పీఎస్' అనేది సాఫ్ట్‌వేర్ కల్పించిన ఫ్రేములతో వచ్చేది, లెక్కకు దాన్ని నమ్మొద్దు.

స్కేటర్ జంప్‌కైతే మామూలు టేపు చాలు. ఎడమ, కుడి దూరాలు విడివిడిగా రాసుకోండి. ఏ కాలు వెనకబడిందో తెలిసిపోతుంది.

మరి స్మార్ట్‌వాచ్?

హార్ట్ రేట్‌కు ఓకే. కానీ కాలి పవర్ మణికట్టుకు తెలియదు. పైకప్పు ఉన్న రింక్‌లో జీపీఎస్‌నూ నమ్మలేం. ఎన్‌హెచ్‌ఎల్ కూడా ఆటగాళ్ల స్పీడ్ కోసం జెర్సీలో ట్రాకర్, స్టేడియం పైన ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలు వాడుతోంది.

మా మాట

కానర్ మెక్‌డేవిడ్‌కు 2019 ఏప్రిల్‌లో గోల్‌పోస్ట్‌ను ఢీకొని మోకాలి లిగమెంట్ తెగింది. సర్జరీ లేకుండా, నెలల తరబడి రీహాబ్‌తోనే కాలిని మళ్లీ నిలబెట్టుకుని అక్టోబర్‌లో బరిలోకి దిగాడు. 2024 ఆల్‌స్టార్ ఈవెంట్‌లో 13.408 సెకన్లలో రౌండ్ కొట్టి, ఫాస్టెస్ట్ స్కేటర్ టైటిల్ నాలుగోసారి గెలిచాడు. ఆ కాలు మళ్లీ తయారైంది జిమ్‌లోనే. కాబట్టి కొత్త గ్యాడ్జెట్ కొనేముందు ఈ వారమే ఒక జంప్ రికార్డ్ చేసి, నంబర్ రాసుకోండి. ఆరు వారాల తర్వాత అదే ఫోన్‌తో, అదే చోట మళ్లీ ఎగరండి. మీ ట్రైనింగ్ పనిచేస్తోందో లేదో ఆ రెండు నంబర్లే చెప్తాయి.